వయలేషన్ సారు

మొన్న మంగళవారం నా ఫోనుకు చలానా వచ్చింది. హెల్మెట్ లేకుండా బండి నడిపానట. తెలుగులో రెండు ముక్కలు, మిగతా అంతా ఇంగ్లీషు, నట్టనడుమ పెద్ద అక్షరాలతో ‘వయలేషన్’ అన్న మాట. ఫొటో కూడా పంపారు. చర్చి గేటు దాటి చౌరస్తా వైపు వస్తూ, నెత్తి మీద ఏమీ లేకుండా, సాక్షాత్తూ నేనే. చలానా చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఆ మాట కనబడగానే మా టైపు సారు కళ్లద్దాలు తీసి టేబులు మీద బోర్లా పెట్టి, "ఆగుండ్రి, గిది పెద్ద మాట" అన్నట్టే అనిపించింది.

ఆయన పోయి ఏడాది దాటింది. పేరు చెప్పను. అసలు పేరు పెట్టి ఎవరైనా పిలవగా నేను వినలేదు. ఊరి వాళ్లకు టైపు సారు. బెంచీ మీద కూర్చునేవాళ్లు ఆయన వినకుండా పెట్టుకున్న పేరు వయలేషన్ సారు. ఆయనకు ఆ సంగతి తెలుసు, తెలిసి లోలోపల మురిసిపోయేవాడు కూడా.

మెదక్‌లో కోర్టుకు పోయే రోడ్డు మీద నాదొక జిరాక్స్ దుకాణం. దాని ముందు ఫుట్‌పాత్ మీద ఆయన టేబులు, టేబులు మీద టైపు మిషను, ఎదురుగా ఒక పొడుగాటి బెంచీ. నేను దుకాణం తెరవకముందు నుంచే ఆయన అక్కడ ఉన్నాడు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి అర్జీలు రాయించుకోవడానికి వచ్చేవాళ్లు ముందు ఆయన దగ్గర కూర్చునేవారు, తర్వాత కాపీలు తీయించుకోవడానికి నా దగ్గరికి వచ్చేవారు. అంటే నా గల్లాపెట్టె ఆయన వేళ్ల మీద ఆధారపడి ఉండేది. అలాంటి మనిషి టేబులుకు ఎసరు పెట్టింది నేనే. ఆ ముచ్చట చెప్పడానికే ఇదంతా.

మనిషి పొడుగు, సన్నం. ఎండాకాలంలో కూడా పూర్తి చేతుల తెల్లచొక్కా, మణికట్టు దగ్గర గుండీ. మెడకూ కాలరుకూ మధ్య మడిచిన రుమాలు. పది వేళ్లూ ఉండగా రెండే రెండు వేళ్లతో టైపు కొట్టేవాడు. కొడుతున్నంతసేపూ పెదవులు కదిలేవి, తనకు తానే డిక్టేషను చెప్పుకుంటున్నట్టు. చాయ్ తెప్పిస్తే సగం సాసర్లో పోసి, బెంచీ మీద అందరికంటే ఎక్కువ కోపంగా ఉన్నవాళ్లెవరో చూసి వాళ్ల చేతికిచ్చేవాడు. ఎందుకని అడిగితే, సాసర్ల చాయ్ ఒలకకుండ తాగాలంటే మనిషి జర నిదానమైతడు అని చెప్పాడు.

తప్పు పనికి ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నాయో నాకు ఆయన దగ్గరే తెలిసింది. "మిస్టేక్ అంటే చెయ్యి తప్పింది. ఇర్రెగ్యులారిటీ అంటే కాయిదం తప్పింది. వయలేషన్ అంటే గీత ఉన్నదని ఎరికుండి దాటిండు. అఫెన్స్ అంటే పోలీసోళ్లు అడుగుతరు. క్రైమ్ అంటే పేపరోళ్లు అడుగుతరు. అన్నిటికి ఒక్కటే మాట ఏస్తే ఎట్ల బిడ్డా? జలుబొచ్చినోనికి సెలైన్ ఎక్కిస్తరా?"

వచ్చినవాళ్లకు ఈ లెక్కలేవీ పట్టేవి కావు. అందరికీ గట్టి మాటే కావాలి. వయలేషన్ అని రాస్తేనే ఆఫీసర్లు చదువుతున్నారని, లేకపోతే అర్జీ బీరువాలో పడేస్తున్నారని ఎవరు పుట్టించారో గానీ, సంతకం పెట్టడం రానివాళ్లు కూడా ఆ మాటను మాత్రం అడిగి మరీ వేయించుకునేవాళ్లు. ఆయన వెంటనే దేని వయలేషన్ అని అడిగేవాడు. అవతలివాళ్లు నీళ్లు నమిలేవాళ్లు. ఒకసారి నర్సాపూర్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషికి ఆయన చెప్పింది నాకింకా గుర్తుంది. "ఊరికె వయలేషన్ ఉండది. దేన్నో ఒకదాన్ని దాటాలె. రూలును దాటితే వయలేషన్. మీ మాటను దాటితే అది వయలేషన్ గాదు పటేలా, మీకొచ్చింది అలుక." ఆ పెద్దమనిషి కాసేపు గుర్రుగా చూసి, తర్వాత తనే పకపకా నవ్వాడు. ఆయన అలుక అల్లుడి మీదట.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆయన పెట్టిన షరతు ఒక ఎత్తు. ఆ మాట టైపు కొట్టాలంటే, రాయించుకునే మనిషి లేచి నిలబడాలి. బెంచీ మీద ఉన్న నలుగురూ వినేటట్టు, తెలుగులో, ఎవరి మీద ఫిర్యాదో ఆ మనిషిని వరుస పెట్టి చెప్పాలి. పేరు చెబితే ఒప్పుకునేవాడు కాదు. ‘ఫలానా ఆయన’ అంటే అసలే ఒప్పుకునేవాడు కాదు. మా అన్న చట్టం దాటిండు, మా మామ చట్టం దాటిండు, అట్లా. వాడు నాకు ఏమీ కాడు అని ఎవరైనా అంటే, పొద్దున్నే ఎదురుపడితే ఏమని పిలుస్తవు అని అడిగేవాడు. ఈ జిల్లాలో ఎదురుపడ్డ మనిషిని కాకా అనో, బావా అనో, చిన్నమ్మా అనో పిలవకుండా రోడ్డు దాటలేము కదా. కులం వేరైనా, ఊరు వేరైనా, ఏదో ఒక వరుస ఉంటుంది. అది బయటికి వచ్చేదాకా ఆయన వేలు మిషను మీద పడేది కాదు.

రామాయంపేట నుంచి ఒకాయన వచ్చాడు. అన్న గోడ జరిపి కట్టాడని, అరగంట సేపు ఊగిపోతూ చెప్పాడు. సారు కళ్లద్దాలు తీసి బోర్లా పెట్టి, లేవమన్నాడు. లేచాడు. "మా అన్న..." అన్నాడు. దగ్గాడు. మళ్లీ "మా అన్న..." అన్నాడు. మంచినీళ్లు అడిగాడు. తాగి, గోడ జరిగింది జానెడే అన్నాడు. మరికాసేపటికి, అన్నకు ఒకసారి ఫోను చేసి చూస్తానని రోడ్డు అవతలికి పోయాడు. ఇటు తిరిగి రాలేదు. నాలుగు సెట్ల జిరాక్సు పోయింది నాకు. మీ వల్ల నా మిషనుకు బూజు పడుతోందని సారుతో దెబ్బలాడాను. ఆయన సోంపు డబ్బీ తీసి నా చేతిలో కాసింత పోశాడు. అదీ ఆయన జవాబు.

ఇదంతా చూసి ఆయన రాజీలు కుదిర్చే మనిషని నేను అనుకునేవాణ్ణి. ఎల్దుర్తి వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఆ అభిప్రాయం వదిలించింది. పొలానికి పోయే బాటకు అడ్డంగా బావగారు కడీలు పాతాడు. కడీలంటే నిలువునా పాతే రాతి కంబాలు. నాగలి పోదు, బండి పోదు. సారు అలవాటుగా లేవమన్నాడు. ఆవిడ కొంగు సర్దుకుని లేచింది.

"మా బావ చట్టం దాటిండు," అంది.

"ఇంకోపారి చెప్పమ్మా."

"మా బావ చట్టం దాటిండు. నా పెండ్లైనప్పటి సంది నా చేతి బువ్వ తిన్నడు. నా బాట మూశిండు. పదిసార్లైన చెప్త సారు. ఆయన ముంగట గూడ చెప్త."

సారు కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఆ రోజు ఆ రెండు వేళ్లు కొట్టిన కొట్టుడుకు టేబులు మీది సోంపు డబ్బీ ఎగిరి కింద పడింది. ఆ మాటకు ముందు ‘విల్‌ఫుల్’ అని ఇంకో మాట చేర్చాడు. అంటే కావాలని, పనిగట్టుకుని చేసింది అని. నేను చూసినంతకాలంలో ఆ మాట ఆయన వాడింది బహుశా మూడుసార్లు. ఆవిడ బాట తెరుచుకుందని, కడీలు పాతిన మనిషే పీకాడని తర్వాత తెలిసింది. అది చెప్పడానికి ఆవిడ ఒక సంచి నిండా పచ్చి మక్కకంకులు తెచ్చింది. సగం నాకిచ్చాడు.

కంప్యూటరు మీద కొట్టమని నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. నా దగ్గరే ఉంది, కూర్చుని కొట్టండి అన్నాను. ఒకరోజు వచ్చి కూర్చున్నాడు కూడా. రెండు లైన్లు కొట్టి, ఒక మాట చెరిపి, చెరిపిన చోటును చాలాసేపు చూశాడు. ఎక్కడా మచ్చ కూడా లేదు. లేచి పోతూ అన్నాడు: "గిండ్ల డిలీట్ ఉన్నది బిడ్డా. డిలీట్ ఉన్న కాడ మనిషి ఎంత మాటైన అంటడు."

అప్పుడు నాకు ఆ మాట చాదస్తంలా అనిపించింది.

ఇక నా సంగతి. ఆరేడేళ్ల కిందట దుకాణానికి అద్దాల తలుపు పెట్టించాను. కలర్ ప్రింటరు, లామినేషన్ మిషను కొన్నాను. పాస్‌పోర్టు ఫొటోలు మొదలుపెట్టాను. తీరా చూస్తే బయటి నుంచి అద్దాల తలుపే కనబడదు. ముందు సారు టేబులు, దాని ముందు బెంచీ, బెంచీ మీద నిండా జనం, వాళ్ల చెప్పులు, వాళ్ల సంచులు. ఫొటోలకు వచ్చే ఆడపిల్లలు ఆ గుంపును చూసి పక్క దుకాణానికి పోతున్నారు. కొంచెం పక్కకు జరపండి సారు అని రెండుసార్లు అడిగాను. చూద్దాం బిడ్డా అన్నాడు రెండుసార్లూ. ఓ మధ్యాహ్నం ఒక ప్రైవేటు స్కూలు నుంచి ఐడీ కార్డుల ఆర్డరు మాట్లాడటానికి ఒకాయన వచ్చాడు. బెంచీ మీద ఏదో జోరుగా పంచాయితీ నడుస్తోంది. ఆయన రెండు నిమిషాలు దారి కోసం చూసి, బండి తిప్పుకుని పోయాడు. నాకు నెత్తికెక్కింది.

లోపల నిలబడే ఫోను తీశాను. మునిసిపాలిటీకి ఫిర్యాదు చేసే యాప్ ఒకటి ఉండేది. ఏం జరిగిందో రాయనక్కర్లేదు, వరుసగా పేర్లు ఉంటాయి, మనం ఒకదాని మీద వేలు పెడితే చాలు. ‘ఫుట్‌పాత్ వయలేషన్’ మీద పెట్టాను. అద్దంలోంచి ఒక ఫొటో తీసి కలిపాను. ఫొటోలో సారు చాయ్ సాసరు ఎవరికో అందిస్తూ నవ్వుతున్నాడు. పంపాలా అని అడిగింది. పంపమన్నాను. అంతా కలిపి అర నిమిషం పట్టలేదు. నన్నెవరూ లేచి నిలబడమనలేదు.

సాయంత్రానికి కోపం దిగిపోయింది. రాత్రి అన్నం తినేటప్పటికి మరిచిపోయాను. నిజంగానే మరిచిపోయాను. పది రోజుల తర్వాత వార్డు ఆఫీసరమ్మ నోటీసు పట్టుకుని వచ్చి ఆయన టేబులు ముందు నిలబడితే గానీ నాకు గుర్తు రాలేదు. ఆ అమ్మాయి ఉద్యోగానికి పెట్టుకున్న దరఖాస్తు కూడా ఈయన కొట్టిందే. ఏమనుకోకుండ్రి సారు అంటూ కాయిదం అందించింది. మూడు రోజుల్లో టేబులు, బెంచీ తీసెయ్యాలి. తీయకపోతే వాళ్లే వచ్చి ట్రాక్టరు మీద వేసుకుని పోతారు.

సారు కళ్లద్దాలు తుడుచుకుని నోటీసు మొదటి నుంచి చివరిదాకా చదివాడు. మళ్లీ చదివాడు. మొహం మీద కోపం లేదు సరికదా, ఇదో రకం సంతోషం కనబడింది.

"వాడుక మంచిగున్నది," అన్నాడు. "ఏ రూలు దాటిన్నో రాశిండ్రు. ఎక్కడ దాటిన్నో రాశిండ్రు. గిట్ల రాయాలె వయలేషన్ అంటే."

బెంచీ మీద వాళ్లు మాత్రం భగ్గుమన్నారు. ఎవడు వాడు, ఎవడి కడుపు మండింది అని లేచారు. ఎదురు అర్జీ పెడదామన్నారు. అందరం సంతకాలు చేద్దామన్నారు. నేను అద్దం వెనక, లేని కాయితాలు సర్దుతున్నాను. సారు వాళ్లను కూర్చోబెట్టి, వాళ్లు రాసింది నిజమే కదా, దేని మీద ఎదురు అర్జీ పెట్టాలి అని అడిగాడు. తర్వాత నోటీసుకు కుట్టిన ఫొటోను దగ్గరికి తీసుకుని చూశాడు. నాకు అప్పుడు తట్టింది. తలుపు అద్దం మీద నేనే అంటించుకున్న ‘లామినేషన్’ అనే అక్షరాలు ఆ ఫొటో అంచున తిరగబడి పడ్డాయి. తిరగబడి పడాలంటే లోపల నిలబడి తీయాలి. లోపల ఉండేది నేనొక్కణ్ణే. సారు వేలు ఆ అక్షరాల మీద ఒక్క క్షణం ఆగింది. తల ఎత్తలేదు. కాయిదం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఆ మూడు రోజులు నేను పడ్డ పరేషాన్ పగవాడికి కూడా వద్దు. ఆ టేబులు పోతే ఆయనకు ఇంకో చోటు లేదు. కోర్టు ముందు నీడ ఉన్న జాగా ఎవరి వంతు వాళ్లు ఎప్పుడో పట్టుకున్నారు. ఆఫీసులు ఒక్కొక్కటే ఊరి బయటికి పోతున్నాయి. ఇంట్లో ఏ లోటూ లేదు, కొడుకు, కోడలు బాగానే చూసుకుంటారు. కానీ పండుగ పూట కూడా మధ్యాహ్నానికల్లా వచ్చి టేబులు దగ్గర కూర్చునే మనిషి. ఇంట్ల కూసుంటే మూడు రోజుల్ల ముసలోణ్ణైత అని తనే అనేవాడు. యాప్‌లో ఫిర్యాదు వెనక్కి తీసుకునే దారి ఉందేమోనని వెతికాను. ఉంది, కానీ నోటీసు వెళ్లాక అది పనిచేయదట. సారు మాత్రం రోజూ వచ్చాడు, కొట్టాల్సింది కొట్టాడు, నన్ను చూసి నవ్వాడు, సోంపు పెట్టాడు. ఒక్క మాట అంటే బాగుండేదని ఏడుపొచ్చింది నాకు.

మూడో రోజు పదకొండు గంటలప్పుడు ఇక నా వల్ల కాలేదు. దుకాణంలోంచి బయటికి వచ్చి, ఆయన ముందు కుర్చీలో కూర్చున్నాను. బెంచీ మీద ఆరుగురున్నారు. ఒక అర్జీ కొట్టాలి సారు అన్నాను. ఆయన కాయిదం ఎక్కించాడు.

"ఏమని?"

"వయలేషన్ అని."

సారు కళ్లద్దాలు తీసి టేబులు మీద బోర్లా పెట్టాడు. ఇన్నేళ్లుగా ఎంతమంది ముందు పెట్టాడో, అట్లాగే పెట్టాడు. రోజూ బిడ్డా అనే మనిషి, ఆ పూట కొత్త గిరాకీతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"లేవుండ్రి. వరుస పెట్టి చెప్పుండ్రి."

లేచాను. సారు అన్నాను. తల అడ్డంగా ఊపాడు. సారు అనేది వరుస కాదు కదా. పదేళ్లుగా పక్కపక్కన కూర్చున్నాం, నేను ఆయనను ఒక్కనాడు కూడా వరుస పెట్టి పిలవలేదని అప్పుడు తెలిసింది. మా బాపు కంటే పెద్దవాడు.

"మా పెద్దబాపు చట్టం దాటిండు," అన్నాను. "ఫుట్‌పాత్ మీద టేబులు ఏశిండు. మునిసిపాలిటోళ్లకు చెప్పింది నేనే."

బెంచీ మీద ఒకాయన చేతిలో చాయ్ గ్లాసు అట్లాగే ఆగిపోయింది.

"ఎరికుండే దాటిండా మీ పెద్దబాపు?"

"ఎరికుండే దాటిండు."

"కరెక్టు," అన్నాడు సారు. కళ్లద్దాలు పెట్టుకుని, నా వైపు చూడకుండా ఆ ఎక్కించిన కాయిదం మీదే కొట్టడం మొదలుపెట్టాడు. నేను ఎక్కడ చూడాలో తెలియక నా దుకాణం బోర్డు చూస్తూ నిలబడ్డాను. తిట్టకపోతే పోయె, కనీసం కూర్చోమనలేదు. పావుగంట కొట్టాడు. మిషను నుంచి కాయిదం లాగి సంతకం చేసి, నా చేతికిచ్చి రెండు కాపీలు తీయమన్నాడు. తర్వాత బెంచీ మీది వాళ్లను పిలిచి, తలా ఒక పక్క పట్టమన్నాడు. నలుగురు టేబులు ఎత్తారు. ఇద్దరు బెంచీ ఎత్తారు. ట్రాక్టరు వచ్చే లోపలే తీసేస్తున్నాడు కాబోలు, ఇంటికి మోయిస్తాడు కాబోలు అనుకున్నాను. వాళ్లు రోడ్డు వైపు తిరగలేదు. సారు ముందు నడిచి నా అద్దాల తలుపు తెరిచి పట్టుకున్నాడు. టేబులు లామినేషన్ మిషను పక్కకు చేరింది. బెంచీ గోడకు ఆనింది. నన్నెవరూ ఒక్క మాట అడగలేదు.

నేను జిరాక్స్ మిషను దగ్గర నిలబడి, కాపీ తీసే ముందు ఆ కాయిదం చదివాను. ఇంగ్లీషులో ఉంది, నాకు అర్థమైనంతవరకు తెలుగులో చెబుతాను:

"అయ్యా, తమరి నోటీసు అందినది. ఫుట్‌పాత్ మీద టేబులు వేయడం ఉల్లంఘనే. తెలిసే చేశాను. నేడు దానిని తొలగించడమైనది. ఫిర్యాదుదారు ఆరుగురి ఎదుట నిలబడి తన ఫిర్యాదును నోటితో ధ్రువపరిచారు. వరుసకు వారు నాకు తమ్ముడి కుమారుడు అవుతారు. కనుక ఇకమీదట ఉల్లంఘించిన వ్యక్తిని తన దుకాణంలోనే ఉంచుకునే బాధ్యత వారిదే అని సవినయంగా మనవి."

ఐదేళ్లు ఉంచుకున్నాను. ఇంకో ఐదేళ్లు బతికినా ఉంచుకునేవాణ్ణే.